జేన్ వార్టన్ పేరుతో జైలుకెళ్లిన లేడీ కాన్‌స్టాన్స్ లిట్టన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కాన్‌స్టాన్స్ లిట్టన్ ఎవరు? పేరు ఎప్పుడూ విన్నట్టు లేదే!

ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు పోరాటం అనగానే చాలామంది ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ పేరు చెబుతారు. ఇంకాస్త చదివినవాళ్లకు 1913లో ఎప్సమ్ డెర్బీలో రాజుగారి గుర్రం ఢీకొని చనిపోయిన ఎమిలీ డేవిసన్ గుర్తొస్తుంది. లిట్టన్ పేరు ఆ వరసలో ఎక్కడో వెనకబడిపోయింది. నన్నడిగితే ఆ ఉద్యమం మొత్తంలో ప్రభుత్వాన్ని అందరికన్నా గట్టిగా ఇరుకున పెట్టిన పని ఈమెదే.

1869 ఫిబ్రవరి 12న వియన్నాలో పుట్టింది. తండ్రి రాయబారి, కవి, తర్వాత భారతదేశానికి వైస్రాయి. తల్లి విక్టోరియా మహారాణి కొలువులో పనిచేసిన దొరసాని. అలాంటి ఇంటి బిడ్డ నలభయ్యో పడిలో నాలుగుసార్లు జైలుకెళ్లింది. మొదటి రెండుసార్లు సొంత పేరుతో వెళ్లింది. జైలువాళ్లు నెత్తిన పెట్టుకుని చూసుకున్నారు. మూడోసారి జేన్ వార్టన్ అనే బీద కుట్టుపని మనిషిగా వేషం మార్చుకుని వెళ్లింది. అప్పుడేం జరిగిందన్నదే ఈమె కథలో అసలు సంగతి.

లిట్టన్ అంటే మన ధాత కరువునాటి వైస్రాయి లిట్టనేనా?

ఆయనే. 1876 నుంచి 1880 దాకా వైస్రాయి. 1876–78 కరువును రాయలసీమలో ధాత కరువు అంటారు, ఆ తెలుగు సంవత్సరం పేరుతో. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. దక్షిణాదిన, దక్కనులో కలిపి కనీసం 50 లక్షల మంది పోయారని లెక్క. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1877 జనవరి 1న, లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. ధాన్యం ధరల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఎగుమతులు ఆగలేదు. ఆయన పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని తగ్గించాడు. పొద్దస్తమానం మట్టి మోసిన మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల ధాన్యం, చేతికి ఒక అణా. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. ఆంధ్ర తీరం వెంట పోయే బకింగ్‌హామ్ కాలువకు ఆ పేరు కూడా ఆ కాలపు మద్రాసు గవర్నరుదే. కాలువలో కొంత భాగం కరువు పని కిందే తవ్వించారు.

అప్పటికి కాన్‌స్టాన్స్‌కు ఎనిమిదేళ్లు. కలకత్తాలో, సిమ్లాలో పెరుగుతోంది. తమ్ముడు విక్టర్ సిమ్లాలోనే పుట్టాడు.

తండ్రి పాలనలో లక్షల మంది ఆకలితో పోతే, కూతురు జైల్లో అన్నం మానేసి ప్రాయశ్చిత్తం చేసుకుందని కథ అల్లడం సులువు. అలా రాస్తే అబద్ధం రాసినట్టే. ఆమెకు తండ్రి అంటే ప్రాణం. ఆమె పోరాటం బ్రిటన్ ఆడవాళ్ల ఓటు గురించి, బ్రిటన్ జైళ్ల గురించి. అయినా సీమ మనుషులు ఆమె గురించి చదువుతున్నప్పుడు ఇంటిపేరు దగ్గర ఆగిపోవడం సహజం. ఆగి, తెలిసి, ముందుకు వెళ్లడం మంచిది.

ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా ఇలాంటి దారి పట్టారా?

ఆ ఇంటి ఆడవాళ్ల చరిత్రే వేరు. నాయనమ్మ రోజీనా. భర్త ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ పేరున్న నవలాకారుడు, మంత్రి కూడా. కత్తికన్నా కలం గొప్పదన్న మాట ఆయన నాటకంలోదే. భర్తతో విడిపోయిన రోజీనా, 1858లో ఎన్నికల సభ మధ్యలో నిలబడి అందరి ముందూ ఆయన్ను కడిగేసింది. ఆయన ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టించాడు. పత్రికలు, జనం గొడవ చేస్తే వారాల్లోనే వదిలిపెట్టాల్సి వచ్చింది. రోజీనా తల్లి అన్నా వీలర్ ఐర్లండ్ మనిషి. ఆడవాళ్లకు రాజకీయ హక్కులు కావాలని 1825లో విలియం థాంప్సన్ పేరు మీద వచ్చిన పుస్తకం వెనక ఉన్న ఆలోచనలు ఆవిడవే. కాన్‌స్టాన్స్‌కు ఆమె ముత్తవ్వ.

మిగతా బంధువులు ఏలేవాళ్ల పక్షం. అక్క బెట్టీ ప్రధానిగా చేసిన ఆర్థర్ బాల్ఫర్ తమ్ముడి భార్య. చెల్లెలు ఎమిలీ భర్త ఎడ్విన్ లుటియెన్స్, కొత్త ఢిల్లీ కట్టిన ఆర్కిటెక్టు. తమ్ముడు విక్టర్ తర్వాతి కాలంలో బెంగాల్ గవర్నరయ్యాడు.

అంత సుఖంగా ఉన్న మనిషి ఉద్యమంలోకి ఎలా వచ్చింది?

సుఖంగా ఉందని పైకి కనిపిస్తుంది. 1891లో తండ్రి పోయాక తల్లిని కనిపెట్టుకుని నెబ్‌వర్త్ ఊళ్లో ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి గుండె బలహీనం, కీళ్ల నొప్పులు. మనసు పడ్డ మనిషి ఉన్నా పెళ్లి దాకా రాలేదు. శాకాహారి. సంగీతం బాగా వచ్చు. నలుగురిలో నోరు విప్పాలంటే భయం. నలభై ఏళ్లు వచ్చేదాకా ఇంటి పనుల్లో తలదూర్చి, ఎవరికీ కష్టం కలగకుండా బతికిన ఆడపిల్ల.

ఒక బంధువు వీలునామా ద్వారా కొంత డబ్బు చేతికొచ్చింది. దాన్ని ఏదైనా మంచి పనికి ఇద్దామని చూస్తుంటే, లండన్‌లో కూలి పిల్లలకు జానపద నృత్యం నేర్పే ఒక సంఘం కంటపడింది. వాళ్లతోపాటు 1908 వేసవి చివర్లో లిటిల్‌హాంప్టన్ అనే సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్లింది. అక్కడ పరిచయమైనవాళ్లు ఎమ్మెలిన్ పెథిక్ లారెన్స్, యానీ కెన్నీ. వాళ్లిద్దరూ జైలుకెళ్లొచ్చిన సఫ్రజెట్లని, అంటే ఓటు కోసం తెగించి పోరాడే ఆడవాళ్లని, తర్వాత తెలిసింది. మొదట్లో వాళ్ల లక్ష్యం ఒప్పుకుంది, పద్ధతులు ఒప్పుకోలేదు. రోజుల తరబడి వాదించింది.

ఆ ఊళ్లోనే ఒక సంగతి జరిగింది. కబేళాకు తోలుకెళ్తున్న ముసలి గొర్రె ఒకటి తప్పించుకుని వీధిలో పరుగెత్తుతోంది. ఆకారం సరిగ్గా లేని గొర్రె. చుట్టూ జనం చేరి దాన్ని చూసి నవ్వుతున్నారు, గేలి చేస్తున్నారు, దారికి అడ్డం పడుతున్నారు. చివరికి ఇద్దరు మనుషులు పట్టుకున్నారు, ఒకడు కొట్టాడు. ఈమెకు ఉండబట్టలేక వెళ్లి నిలదీసింది. ప్రపంచమంతా ఆడవాళ్ల పరిస్థితి ఏమిటో తనకు మొదటిసారి తెలిసింది అప్పుడేనని తర్వాత రాసుకుంది. అణచబడ్డ మనిషి వికారంగా కనిపిస్తే లోకానికి జాలికి బదులు నవ్వు వస్తుందని ఆ వీధిలో చూసింది. జేన్ వార్టన్ వేషానికి విత్తనం అక్కడే పడిందని నా నమ్మకం.

ఓటు అడగడానికి రాళ్లు రువ్వడం దేనికి? అర్జీలు పెట్టుకోవచ్చు కదా?

పెట్టుకున్నారు, నలభై ఏళ్ల పైచిలుకు. 1866లో జాన్ స్టూవర్ట్ మిల్ పార్లమెంటుకు మొదటి పెద్ద అర్జీ అందించాడు. ఆ తర్వాత బిల్లులు వచ్చాయి, పోయాయి. మిల్లిసెంట్ ఫాసెట్ నాయకత్వంలోని సంఘం చివరిదాకా చట్టబద్ధంగానే పనిచేసింది, అది చిన్న పనేం కాదు. 1903లో మాంచెస్టర్‌లో పాంక్‌హర్స్ట్ తల్లీకూతుళ్లు పెట్టిన మహిళా సామాజిక రాజకీయ సంఘం మాత్రం మాటలు చాలు, చేతలు కావాలంది. మంత్రుల సభల్లో లేచి ప్రశ్నలు వేయడం, పార్లమెంటు మీదికి ఊరేగింపుగా వెళ్లడం, అరెస్టయ్యాక జరిమానా కట్టకుండా జైలుకెళ్లడం, తర్వాత కిటికీ అద్దాలు పగలగొట్టడం. 1912 నుంచి ఖాళీ ఇళ్లకు నిప్పు పెట్టేదాకా వెళ్లింది. లిట్టన్ అప్పటికే మంచాన పడింది. ఆమె చేసిన హింస అంతా కలిపి కొన్ని రాళ్లు.

గాంధీగారు 1906లోనే దక్షిణాఫ్రికాలో తన పత్రికలో ఈ ఆడవాళ్ల గురించి మెచ్చుకుంటూ రాశారు. జైలుకు భయపడకపోవడం ఆయనకు నచ్చింది. రాళ్లు నచ్చలేదు.

మొదటిసారి జైల్లో ఒంటి మీద అక్షరాలు చెక్కుకుందట, నిజమేనా?

నిజం. 1909 ఫిబ్రవరి 24న పార్లమెంటుకు వెళ్లిన బృందంలో అరెస్టయింది. నెల రోజుల శిక్ష, లండన్‌లోని హాలోవే జైలు. తల్లికి ముందుగా చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాసిపెట్టి వెళ్లింది.

జైల్లో డాక్టరు గుండె చూసి, పేరు చూసి, ఆసుపత్రి వార్డులో పెట్టాడు. తోటి సఫ్రజెట్లు చలి సెల్లుల్లో ఉంటే తనకు పడక, పాలు, మర్యాద. మామూలు ఖైదీల వైపు పంపండని అడిగింది. వినలేదు. అప్పుడు సూదితో, టోపీ పిన్ను నుంచి విరిగిన ఎనామిల్ ముక్కతో గుండె మీద చర్మాన్ని గీరడం మొదలుపెట్టింది. ‘వోట్స్ ఫర్ విమెన్’ అన్న నినాదం గుండె దగ్గర మొదలై చెంప మీద ముగిసేలా చెక్కుకోవాలన్నది ఆలోచన. మొదటి అక్షరం ‘వి’ పూర్తయ్యాక గాయానికి కట్టు కావాలని అడగడంతో బయటపడింది. చివరికి ఆమె పట్టు నెగ్గింది, మామూలు సెల్లుకు మార్చారు.

ఇది చదివి చాలామంది ముఖం చిట్లిస్తారు. నాకూ మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. కానీ తన పేరుకు దక్కే మర్యాదను వదిలించుకోవడానికి అప్పటికి ఆమె చేతిలో ఉన్నది తన చర్మం ఒక్కటే.

న్యూకాసిల్‌లో ఏం జరిగింది?

1909 జులైలో మారియన్ వాలెస్ డన్‌లప్ అనే చిత్రకారిణి జైల్లో మొదటిసారి నిరాహార దీక్ష చేసింది. నాలుగో రోజుకు వదిలేశారు. మిగతావాళ్లూ అదే దారి పట్టడంతో సెప్టెంబరు నుంచి ప్రభుత్వం గొట్టాలతో బలవంతంగా ఆహారం ఎక్కించడం మొదలుపెట్టింది. అక్టోబరు 9న ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ న్యూకాసిల్‌కు వచ్చాడు. ఆయన ఉన్నాడనుకుని లిట్టన్ ఒక కారు మీదికి రాయి విసిరింది. రాయికి చుట్టిన కాగితంలో నిరంకుశత్వం మీద తిరుగుబాటే దేవుడికి విధేయత అని రాసి ఉంది. ఎవరికీ దెబ్బ తగలకుండా కిందికి విసిరింది. ఎమిలీ డేవిసన్ కూడా ఆ రోజు పక్కనే ఉంది.

జైల్లో తిండి మానేసింది. మూడు రోజులైనా నిండకముందే గుండె పరీక్ష చేసి, బలహీనంగా ఉందని చెప్పి విడుదల చేశారు. పేరున్న పత్రికా రచయిత భార్య జేన్ బ్రెయిల్స్‌ఫర్డ్‌నూ వదిలేశారు. అదే కేసులో లోపలికి వెళ్లిన, పేరూ పలుకుబడీ లేని ఆడవాళ్లకు మాత్రం గొట్టాలు దించారు. గుండె జబ్బు వల్లే వదిలామని హోంశాఖ వాదన. అబద్ధమని అందరికీ తెలుసు. రుజువు కావాలి.

మరి జేన్ వార్టన్ ఎలా పుట్టింది?

1909 డిసెంబరులో లివర్‌పూల్ వాల్టన్ జైల్లో సెలీనా మార్టిన్ అనే ఆవిడకు, ఇంకా శిక్ష కూడా పడకముందే, రిమాండులో ఉండగానే బలవంతంగా తిండి ఎక్కించారు. చేతులకు బేడీలు వేసి, తల కిందికి వేలాడేలా మెట్ల మీదుగా ఈడ్చుకెళ్లారని బయటికి వచ్చింది. ఆ వార్త విని లిట్టన్ నిర్ణయం తీసుకుంది. అదే జైలుకు వెళ్లాలి, తన పేరు లేకుండా వెళ్లాలి.

మాంచెస్టర్‌లో వేరే పేరుతో సంఘంలో సభ్యత్వం తీసుకుంది. జేన్ అన్నది ఫ్రాన్సు వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్ పేరు మీద. వార్టన్ అన్నది ఒక బంధువు ఇంటిపేరులో మధ్య అక్షరాలు తీసేయగా మిగిలింది. జుట్టు కత్తిరించుకుని పాత కాలపు పాపిట తీసింది. చవక కళ్లద్దాలు, ముతక కోటు, వింతగా కనిపించే టోపీ కొంది. లోబట్టల మీద కుట్టి ఉన్న తన పొడి అక్షరాలు ఊడదీసింది. అందంగా లేని ఖైదీలనే జైలువాళ్లు ఎక్కువ చులకన చేస్తారని గమనించింది కాబట్టి కావాలనే వికారంగా తయారైంది. దుకాణాల్లో, వీధిలో జనం చూసి నవ్వితే వేషం కుదిరిందని అర్థమైంది.

1910 జనవరి 14 సాయంత్రం వాల్టన్ జైలు బయట సభ. గవర్నరు ఇంటికి పదండని జనాన్ని పిలిచి ముందుకు నడిచింది. అరెస్టు చేయరేమోనని భయపడి కంచె మీదుగా తోటలోకి రాళ్లు జారవిడిచింది. ఆమె ఒంటరిగా వెళ్లకూడదని ఎల్సీ హోవీ అనే యువతి కూడా కిటికీ పగలగొట్టి వెంట వెళ్లింది. జేన్ వార్టన్‌కు రెండు వారాల శిక్ష, అన్నిటికన్నా కింది తరగతి ఖైదీగా.

వాల్టన్ జైల్లో అసలు ఏం చేశారు?

ఇది వివరంగా చెప్పుకోవాలి. ఆమె అంత చేసింది ఈ వివరం లోకానికి చెప్పడానికే.

అరెస్టయినప్పటి నుంచి ఏమీ తినలేదు. నాలుగో రోజు, జనవరి 18 సాయంత్రం, డాక్టరు నలుగురైదుగురు వార్డర్లతో సెల్లులోకి వచ్చాడు. నాడి చూడలేదు. గుండె చూడలేదు. చెక్క పడకమీద పడుకోబెట్టి చేతులు ఒకరు, కాళ్లు ఒకరు, తల ఒకరు పట్టుకున్నారు. నోరు తెరవకుండా పళ్లు బిగబట్టింది. నోరు తెరిపించడానికి చెక్క పనిముట్టు, ఉక్కు పనిముట్టు రెండూ ఉన్నాయని, ఉక్కుదైతే నొప్పి ఎక్కువని డాక్టరే చెప్పాడు. ఉక్కుది పెట్టి దవడలను సహజంగా తెరుచుకునే దానికన్నా బాగా వెడల్పుగా విడదీశాడు. తర్వాత నాలుగడుగుల పొడవున్న లావుపాటి గొట్టం గొంతులోకి దించాడు. ఊపిరాడలేదు. గొట్టం లోపలికి చేరగానే ద్రవం గబగబా పోశారు. క్షణాల్లో వాంతి అయింది. జుట్టంతా, బట్టలన్నీ, గోడ కూడా తడిసిపోయాయి. గొట్టం లాగేశాక డాక్టరు వెళ్తూ వెళ్తూ ఆమె చెంప మీద కొట్టాడు, ఏవగింపుతో. మార్చుకోవడానికి బట్టలు దొరకలేదు, పొద్దుపోయిందన్నారు. ఆ రాత్రి ఆ తడి బట్టల్లోనే పడుకుంది.

కాసేపటికి గోడ అవతల అదే చప్పుడు వినిపించింది. ఎల్సీ హోవీకి ఎక్కిస్తున్నారు. తన నొప్పికన్నా ఆ చప్పుడు వినడమే దారుణంగా ఉందని రాసింది.

మర్నాడు డాక్టరు వచ్చినప్పుడు ఆమె అడిగిన మాట ఒకటుంది. కొట్టడం కూడా మీ ఉద్యోగ ధర్మమేనని మీరు అనుకుంటే తప్ప, ఈ పాడు పని అయ్యాక దయచేసి నన్ను కొట్టకండి. అంత మర్యాదగా అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు, మళ్లీ కొట్టనూ లేదు.

ఒకసారి ఆమె పరిస్థితి చూసి డాక్టరుకే భయం వేసి ఇంకో చిన్న డాక్టరును పిలిపించాడు. ఆయన ఒక్క క్షణం గుండె విని, భేషైన గుండె, కానివ్వండి అన్నాడు. మూడు నెలల కిందట న్యూకాసిల్‌లో లేడీ లిట్టన్ ఛాతీలో ఉన్నప్పుడు, మూడు రోజుల ఉపవాసానికి కూడా తట్టుకోలేదని ప్రభుత్వ డాక్టర్లు తేల్చిన గుండె అదే. మొత్తం ఎనిమిదిసార్లు ఎక్కించారు.

బయటపడింది ఎలా? ప్రభుత్వం ఏమంది?

ఈ ఖైదీ వేరెవరోనన్న అనుమానం జైలు అధికారులకు, పత్రికలవాళ్లకు మొదలైంది. కబురు చెల్లెలు ఎమిలీకి చేరింది. ఆమె లివర్‌పూల్ వెళ్లి జనవరి 23న అక్కను ఇంటికి తెచ్చుకుంది. ఒళ్లంతా చిక్కి, నిలబడలేని స్థితి. అయినా జనవరి 31న లండన్ క్వీన్స్ హాల్లో లేచి నిలబడి జరిగిందంతా చెప్పింది.

బరువు తగ్గిందన్న కారణంతోనే వదిలామని, పేరు తెలిసి కాదని హోంశాఖ అంది. తమ్ముడు విక్టర్ ప్రభుత్వం వెంటపడ్డాడు, ఉత్తరాలు రాశాడు, విచారణ జరిపించమన్నాడు. బహిరంగ విచారణ జరగలేదు. డాక్టరుకు ఏమీ కాలేదు.

కానీ దేశమంతా చర్చ అయింది. ఫిబ్రవరిలో కొత్త హోంమంత్రిగా వచ్చిన విన్‌స్టన్ చర్చిల్ మార్చిలో జైలు నిబంధన మార్చి, ఇలాంటి ఖైదీలకు సొంత బట్టలు, పుస్తకాల వంటి కొన్ని సౌకర్యాలు ఇచ్చాడు. విక్టర్ అన్ని పార్టీల సభ్యులతో ఏర్పడ్డ రాజీ సంఘానికి అధ్యక్షుడై పరిమితమైన ఓటు బిల్లు కోసం రెండేళ్లు తిరిగాడు. ఆ బిల్లులు గట్టెక్కలేదు. 1910 నవంబరు 18న పార్లమెంటు ముందు పోలీసులు ఆడవాళ్లను గంటల తరబడి కొట్టారు. పంజాబు చివరి మహారాజు దులీప్ సింగ్ కూతురు సోఫియా ఆ రోజు ముందు వరసలో ఉంది.

బలవంతంగా తిండి ఎక్కించడం ఆగిందా అంటే, ఆగలేదు. 1913లో పిల్లీ ఎలుకల చట్టమని జనం పేరు పెట్టిన చట్టం తెచ్చారు. నీరసించిన ఖైదీని వదలడం, కోలుకోగానే మళ్లీ పట్టుకోవడం. యుద్ధం మొదలయ్యే 1914 దాకా ఏదో ఒక రూపంలో సాగింది.

ఆరోగ్యం ఏమైంది?

వాల్టన్ తర్వాత ఆమె మళ్లీ మామూలు మనిషి కాలేదు. 1910లోనే సంఘానికి వారానికి 2 పౌండ్ల జీతం మీద కార్యకర్తగా చేరి ఊరూరా తిరిగింది. అదే ఏడాది గుండె జబ్బు ముదిరి పడిపోయింది. 1911 నవంబరులో లేచి వెళ్లి లండన్‌లో ఒక పోస్టాఫీసు అద్దం పగలగొట్టి నాలుగోసారి హాలోవేకు వెళ్లింది. ఈసారి జైల్లో మర్యాదగా చూశారు. 1912 మే నెలలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది.

మంచం మీద ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంది. అలా రాసిన ‘ప్రిజన్స్ అండ్ ప్రిజనర్స్’ 1914లో అచ్చయింది. రచయితలుగా రెండు పేర్లు వేయించింది: కాన్‌స్టాన్స్ లిట్టన్, జేన్ వార్టన్.

చివరి ఏళ్లు తల్లి దగ్గరే, తల్లి సంరక్షణలోనే గడిచాయి. ఉద్యమాన్ని ఎన్నడూ ఒప్పుకోని ఆ తల్లే కూతుర్ని చూసుకుంది. 1923 మే నెలలో లండన్‌లో చనిపోయింది, 54 ఏళ్లకు. నెబ్‌వర్త్‌లో కుటుంబ సమాధిలో ఉంచారు.

గొప్పింటి మనిషి బీదరాలి వేషం వేయడం నాటకం కాదా?

ఈ విమర్శ గట్టిదే, తోసేయకూడదు. బీదరికం ఆమెకు తొమ్మిది రోజుల వేషం, నిజమైన కుట్టుపని మనుషులకు జీవితాంతపు కోటు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆమెకు చెల్లెలు రైలెక్కి వచ్చింది, తమ్ముడు మంత్రులతో మాట్లాడాడు. సెలీనా మార్టిన్‌కు అలాంటి తమ్ముడు లేడు. పైగా జనం కదిలింది కూడా వార్టన్ నిజానికి లిట్టన్ అని తెలిశాకే.

అయితే ఈ సంగతులన్నీ అందరికన్నా ముందు ఆమెకే తెలుసు. ఆమె ఎత్తి చూపాలనుకున్నదే అది. బీద ఆడవాళ్లు అంతకుముందే తమకు జరిగింది చెప్పారు, ప్రమాణాలు చేసి మరీ చెప్పారు. నమ్మలేదు. నమ్మక తప్పని మనిషిని సాక్షిగా పంపితే తప్ప వాళ్ల మాటకు విలువ రాని లోకం అది. తన పలుకుబడిని దాచుకోకుండా, దాని లెక్క తేల్చడానికి ఆరోగ్యాన్ని ఒడ్డింది. పేరున్నవాళ్లు ఎవరైనా బీదల పక్షాన మాట్లాడతామన్నప్పుడు నేను ఈ కొలతతోనే చూస్తాను: ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారు?

ఇంతకీ ఓటు ఎప్పుడొచ్చింది?

బ్రిటన్‌లో 1918 ఫిబ్రవరిలో, 30 ఏళ్లు నిండి ఆస్తి అర్హత ఉన్న ఆడవాళ్లకు. సుమారు 84 లక్షల మంది. మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకే ఓటు 1928లో వచ్చింది, అప్పటికి లిట్టన్ పోయి ఐదేళ్లు.

తెలుగు నేలతో ఈ పోరాటానికి సంబంధం ఉందా?

ఉంది, అదీ మదనపల్లె మీదుగా. చెల్లెలు ఎమిలీ లుటియెన్స్ దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. 1911లో అనీబిసెంట్ ఇద్దరు కుర్రాళ్లను ఇంగ్లండ్ తీసుకెళ్లినప్పుడు వాళ్లను కన్నతల్లిలా చూసుకుంది ఈవిడే. ఆ కుర్రాళ్లలో పెద్దవాడు మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, రెండోవాడు తమ్ముడు నిత్యానంద.

అంతకన్నా నేరుగా ముడిపడ్డది మార్గరెట్ కజిన్స్ కథ. ఐర్లండ్ సఫ్రజెట్. 1910లో లండన్‌లో కిటికీలు పగలగొట్టి హాలోవేలో నెల రోజులు ఉంది. 1915లో భర్తతో మద్రాసు వచ్చింది, తర్వాత మదనపల్లె కాలేజీకి వెళ్లారు. 1919లో ఠాగూర్ అక్కడికి వచ్చి జనగణమన పాడినప్పుడు దానికి స్వరాలు రాసిపెట్టింది ఆవిడే. 1917లో అడయారులో భారత మహిళా సంఘం పెట్టినవాళ్లలో ఒకరు. ఆ డిసెంబరులో మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగు దొరను కలిసి ఆడవాళ్లకు ఓటు అడిగిన బృందం ఏర్పాటు కజిన్స్‌ది, నాయకత్వం మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడిది. 1921లో మద్రాసు శాసనమండలి బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో మొదటగా ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. ఆస్తి ఉన్నవాళ్లకే కాబట్టి చాలా కొద్దిమందికే. కోస్తా, సీమ జిల్లాలకు అలా వచ్చింది. నిజాం రాజ్యంలోని తెలంగాణ ఆడవాళ్లు రాజ్యాంగం వచ్చాక, 1951–52 ఎన్నికల్లో అందరితోపాటు ఓటేశారు.

ఆమె గుర్తులు ఎక్కడ చూడొచ్చు? చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో 2018లో మిల్లిసెంట్ ఫాసెట్ విగ్రహం పెట్టారు. పీఠం చుట్టూ ఉద్యమకారుల ముఖాలు చెక్కారు, అందులో లిట్టన్ ఉంది. నెబ్‌వర్త్‌లోని లిట్టన్ కుటుంబ భవనం లండన్‌కు ఉత్తరాన, రైల్లో గంట లోపే. హాలోవే జైలును 2016లో మూసేశారు. వాల్టన్ జైలు ఇప్పటికీ జైలే.

ఆమె రాసిన ‘ప్రిజన్స్ అండ్ ప్రిజనర్స్’ పుస్తకానికి కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి అధ్యాయాల్లో పాతకాలపు మర్యాదల గోల కొంత ఉంటుంది. ఓపిక లేకపోతే జేన్ వార్టన్ పేరున్న అధ్యాయం తెరవండి. ఆ తర్వాత వెనక్కి వచ్చి లిటిల్‌హాంప్టన్ గొర్రె దగ్గర నుంచి చదవండి. రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు.